ఏడు పదులు

2024 ఆగస్టు 6 సాయంత్రం. పారిస్ ఒలింపిక్స్, అమ్మాయిల 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ డైవింగ్ ఫైనల్. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కల నోటుబుక్ వెనక పేజీలో మార్కులు రాస్తోంది.

చైనా అమ్మాయి చ్వాన్ హోంగ్‌చాన్ మొదటి డైవ్. ముందుకు మూడున్నర పల్టీలు, కాళ్లు తిన్నగా చాపి. నీళ్లలోకి వెళ్లినప్పుడు చప్పుడే లేదు, గుడ్డ చిరిగినట్టు సన్నగా ఒక శబ్దం అంతే. ఏడుగురు జడ్జీలూ పదికి పది ఇచ్చారు!

"ఏడు పదులు డెబ్బై కదా, మరి 90 వేశారేంటి నాన్నా?" అంది.

అప్పుడు చెప్పాను. ఏడింటిలో పైన రెండు, కింద రెండు తీసేస్తారు. మిగిలిన మూడూ కలిపి, ఆ డైవ్ ఎంత కష్టమో చెప్పే అంకెతో హెచ్చిస్తారు. 30ని 3.0తో హెచ్చిస్తే 90. ఒక్క జడ్జికి ఒకరి మీద అభిమానమున్నా, కోపమున్నా, ఆ మార్కు చాలావరకు పక్కకు పోతుంది. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చుతుంది. చిన్నప్పుడు ఒక డాన్స్ పోటీలో ఒకే ఒక్కాయన మార్కుతో మా చెల్లి ఓడిపోయి, ఇంటికొచ్చేదాకా ఏడ్చింది. అది ఇప్పటికీ మర్చిపోలేదు నేను.

చివరికి చ్వాన్‌కి 425.60, రెండో స్థానంలో నిలిచిన మరో చైనా అమ్మాయి చెన్ యూషీకి 420.70. ఐదు డైవ్‌లకి తేడా ఐదు మార్కులు కూడా లేదు.

అంత చప్పుడు లేకుండా నీళ్లలోకి ఎలా వెళ్తారో తెలియాలంటే, స్లో మోషన్‌లో ఆ అరచేతులు చూడండి. ఒకదాని మీద ఒకటి పట్టుకుని, నీటికి బల్లపరుపుగా.