గీత లేచిందని అప్పుడే సంబరపడకండి

నేను పనిచేసేది గచ్చిబౌలిలో, క్లయింట్లు ఉండేది అమెరికాలో. కాబట్టి జన్మలో కాలు పెట్టని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఏ ఇంటికి ఎంత ఆదాయం వస్తోందో లెక్కలు తీయడం నా బతుకుతెరువు. "ప్రతి కౌంటీకీ ఏడాదివారీగా మీడియన్ కుటుంబ ఆదాయం కావాలి" అని మెయిల్ వస్తుంది (మీడియన్ అంటే, ఇళ్లన్నిటినీ ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో పడే ఇంటి ఆదాయం), టీంలో కొత్తగా చేరిన పిల్లలు సాయంత్రానికల్లా గ్రాఫ్ గీసేస్తారు. గీయడం ఎంతసేపు! ఆ ఎగుడుదిగుడులు ఆదాయానివా, సర్వేవా అన్న దగ్గరే పేచీ అంతా.

2000 వరకు అక్కడ పదేళ్లకోసారి జనాభా లెక్కల్లోనే, దాదాపు ఆరిళ్లలో ఒక ఇంటికి పెద్ద ఫారం ఇచ్చి ఆదాయం కూడా అడిగేవాళ్లు. 2010కల్లా అది తీసేశారు, ఇప్పుడు ఆ పని అమెరికన్ కమ్యూనిటీ సర్వేది. ఏటా సుమారు 35 లక్షల అడ్రసులకు వెళ్తుందంటే చాలా పెద్ద సర్వేనే, కానీ 3,100 పైచిలుకు కౌంటీలకు పంచి చూస్తే చిన్న కౌంటీకి దక్కేది గుప్పెడు ఇళ్లే. టెక్సస్‌లో లవింగ్ కౌంటీ అని ఒకటుంది, 2020 లెక్కల్లో అక్కడి జనాభా 64. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాకులోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

అందుకే మామూలుగా 65,000 జనాభా దాటిన చోట్లకే ఒక్క ఏడాది పూర్తి లెక్కలు ఇస్తారు, మిగతావాటికి ఐదేళ్లు కలిపి ఒక అంకె. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 2015-19 అంకె పక్కన 2016-20 అంకె పెట్టి "ఏడాదిలో ఇంత పెరిగింది" అంటారు, రెండింట్లో నాలుగేళ్లు ఒకటేనన్న సంగతి పట్టించుకోరు. పైగా ఒక్కో అంకె ఒక్కో ఏటి డాలర్లలో ఉంటుంది, ధరల పెరుగుదల తీసేయకుండా పోలిస్తే ప్రతి కౌంటీ బాగుపడినట్టే కనిపిస్తుంది.

అంకె పక్కనే, అది అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే మార్జిన్ కాలమ్ అయితే ఎవరికీ పట్టదు. ఉదాహరణకి ఒక కౌంటీలో ముందు 48,000 డాలర్లు, ప్లస్ ఆర్ మైనస్ 6,000. కొన్నేళ్ల తర్వాత, అవే డాలర్లలో, 52,000, ప్లస్ ఆర్ మైనస్ 5,500 అనుకోండి. నాలుగు వేలు పెరిగిందని స్లైడ్ మీద రాసేయాలనిపిస్తుంది. కానీ ఆ రెండు మార్జిన్లనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే తేడాకి ఉండే మార్జిన్ వస్తుంది, అది 8,100 దాటుతుంది, కనిపించిన తేడా నాలుగు వేలే. అంటే ఆదాయం పెరిగిందనడానికి ఈ సర్వేలో ఆధారం లేదు. తగ్గి ఉన్నా ఉండొచ్చు.

చిన్న కౌంటీలకు ఏడాదివారీ వరుస తప్పదంటే నేను వెళ్లేది సెన్సస్ బ్యూరో (అక్కడ జనాభా లెక్కలు తీసే సంస్థ) వాళ్ల సైప్ (SAIPE) అంచనాలకే, చిన్న ప్రాంతాల ఆదాయం, పేదరికం అంచనాలవి. సర్వే చెప్పిన అంకెను ఒక్కదాన్నే నమ్మకుండా, ఆదాయపు పన్ను రిటర్నుల్లాంటి రికార్డుల నుంచి మోడల్ ఇంకో అంచనా వేస్తుంది, రెండింటినీ కలుపుతారు. సర్వే గట్టిగా ఉన్న పెద్ద కౌంటీలో సర్వే మాట చెల్లుతుంది, చిన్న కౌంటీలో మోడల్ మాట. దీని మూలం 1979లో ఫే, హెరియట్ అనే గణాంక నిపుణులు ఇచ్చిన పద్ధతి, అదీ 1970 లెక్కల్లో చిన్న ఊళ్ల ఆదాయం తేల్చడానికి పుట్టిందే. గీత నునుపుగా వస్తుంది, బాగుంటుంది, కాకపోతే ఆ నునుపులో కొంత మోడల్ చలవేనని క్లయింట్‌కి ముందే చెప్పేస్తాను. ఇంకో సంగతి, 2005 నుంచి దీనికి ఆధారమైన సర్వేనే మారింది, కాబట్టి 2004కీ 2005కీ మధ్య కనిపించే మెట్టుని ఆర్థిక వ్యవస్థకి అంటగట్టకండి.

కౌంటీలు కూడా ఉన్నచోట ఉండవు మరి. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటాగా మారింది, లెక్కల్లో ఆ కౌంటీని గుర్తించే కోడ్ నంబరు కూడా మారింది. కనెక్టికట్‌లో ఎనిమిది కౌంటీల బదులు 2022 నుంచి తొమ్మిది ప్లానింగ్ రీజియన్ల లెక్కలిస్తున్నారు, హద్దులే వేరు. కోడ్ చూసి ఏడాదికో టేబుల్‌ని జోడిస్తే ఆ వరుసలు చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతాయి. నాలుగు కౌంటీలు కలిపి ఒక మీడియన్ కావాలంటే నాలుగు మీడియన్ల సగటు తీయకండి మహాప్రభో, ఆదాయ శ్రేణుల టేబుల్లోని ఇళ్లను కూడి, మధ్య ఇల్లు ఏ శ్రేణిలో పడిందో చూసి అక్కడ లెక్కగట్టాలి.

ఇదంతా చెప్తే మావాళ్లు అడిగేది ఒకటే: మన జిల్లాలకి ఇలాంటిది లేదా? తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా ముందుందని చదివే ఉంటారు. అది జిల్లాలో జరిగిన ఉత్పత్తిని తలలతో భాగిస్తే వచ్చేది, ఇంటికి చేరిన ఆదాయం కాదు. గచ్చిబౌలి టవర్లూ, మంచాల మండలం పొలాలూ ఒకే జిల్లా మరి. పైగా తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి, పాత వరుస అతికించడమే పెద్ద పని. దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయ సర్వే చేస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది, మంచిదే, కానీ జిల్లావారీగా ఏటా అంకె కావాలంటే ఇక్కడా ఏదో ఒక మోడల్ తప్పదు. పన్ను రిటర్నులు వేసే ఇళ్లు మనకు తక్కువ, రేషన్ కార్డు చూసి ఆదాయం చెప్పడం ఎంత సుఖమో అందరికీ తెలిసిందే. నాకైతే కరెంటు బిల్లుల మీద కన్నుంది.