ఘాట్ రోడ్డు డ్రైవర్ బిడ్డ

మా అచ్చంపేటలో నేను ఎక్కడ నిలబడ్డా ఎవరో ఒకరు నా బిడ్డ గురించి ఈ మాట అడుగుతారు. "పిల్లగాని తల్లయింది గదా, ఇంకా ఆ మంచుగుట్టలు ఎక్కుడేంది? నువ్వన్నా చెప్పొద్దా?" అడిగేవాళ్లు పరాయివాళ్లు కాదు. మా పెద్ద బామ్మర్ది అడుగుతాడు, డిపోలో నాతో పనిచేసినవాళ్లు అడుగుతారు, కిరాణా సేటు అడుగుతాడు. ప్రేమతోనే అడుగుతారు. అందుకే ఒక్కసారి కూర్చుని జవాబు రాసిపెడదామనిపించింది.

నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. రిటైరయ్యే దాకా ఎక్కువగా శ్రీశైలం రూటే నడిపాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 గంటలకు గేటు పడితే మళ్లీ పొద్దున 6 గంటలకే తీస్తారు. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగేటప్పుడు మలుపు మీద మలుపు. శివరాత్రికైతే బస్సులో కాలు పెట్టే సందుండదు. నా ఇద్దరు పిల్లలూ నేను ఆ రూటులో ఉన్నప్పుడే పుట్టారు. కొడుకు పుట్టినప్పుడు గానీ, బిడ్డ పుట్టినప్పుడు గానీ "పిల్లల తండ్రివైనవ్, ఇంక ఘాట్ ఎక్కకు" అని ఒక్కరూ అనలేదు. డ్యూటీ అన్నారు. టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపారు.

హిమాలయాల్లో గుంపులను కొండలెక్కించే నా బిడ్డ చేసేది కూడా డ్యూటీయే. మనుషులను పైకి తీసుకపోవాలి, తీసుకపోయినవాళ్లందరినీ కిందికి తీసుకరావాలి.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందని అడిగితే నేను సలేశ్వరం పేరు చెప్తాను. చైత్ర పౌర్ణమికి నల్లమల లోపల జరిగే జాతర అది. బండ్లు ఆగినకాడి నుంచి లోయలోకి నడకే. ఒక పక్క కొండ, ఇంకో పక్క జారితే పట్టు దొరకని లోతు. అడుగున జలపాతం, గుండం, లింగమయ్య. పూజారులు చెంచువాళ్లు. దిగేటప్పుడు జనమంతా "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తారు, తిరిగి ఎక్కేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. నా బిడ్డ చిన్నప్పుడు ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. బండ దగ్గర కూర్చుని, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని, అప్పుడు దిగింది. ఎనిమిదేళ్ల పిల్ల అంత నిదానంగా ఆలోచించి అడుగెయ్యడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

తర్వాత 2014 వచ్చింది. మే 25న గురుకులం పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారం తిరిగేసరికి తెలంగాణ వచ్చింది. మా బిడ్డ కూడా గురుకులంలోనే ఇంటర్ చదువుతోంది. ఊరంతా జూన్ 2 గురించి మాట్లాడుకుంటుంటే ఆమె మాత్రం "ఆ ఇద్దరికీ మొదట నేర్పింది భువనగిరి గుట్ట మీదనంట నాయినా" అని నా వెంట పడింది.

భువనగిరి కోట చూసినవాళ్లకు తెలుసు, ఊరంత బండ అది. మొత్తం ఒకటే రాయి. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు, ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. ఆ బండ మీద మా బిడ్డ కొన్నాళ్లు నేర్చుకుంది, 2016లో ఉత్తరకాశీ నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 రోజుల బేసిక్ కోర్సు చేసింది, తిరిగొచ్చాక భువనగిరిలోనే చిన్నపిల్లలకు నేర్పడానికి సాయం పోయేది. అప్పుడొకసారి చూద్దామని నేనూ పోయాను.

ఆ రోజు చూసింది నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఒక్కో పిల్లను తన ముందు నిలబెట్టుకుంది. నడుముకు కట్టిన హార్నెస్ బకిల్‌ను వేలితో లాగి చూసింది. తాడు ముడి ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది, దాని ఒక్కో పోగునూ బొటనవేలితో తడిమింది. లోహపు కొక్కెం మర బిగించి, నొక్కి చూసి, తెరుచుకోదని తేలాకే ఆ పిల్ల భుజం తట్టింది. కింద తాడు పట్టుకున్నవాడు "బిలే ఆన్", అంటే తాడు నా పట్టులో ఉంది, అని గట్టిగా చెప్తే తప్ప పిల్ల చెయ్యి బండకు తగలొద్దు. అవతల వరసలో ఇంకా పదిహేను మంది ఉన్నారు, ఎండ నెత్తికొచ్చింది, ఐనా ఒక్కరి దగ్గర కూడా తొందరపడలేదు.

నేను బండి తీసేముందు చేసిన పని అదే. టైర్లు కొట్టి చూడాలి, ఎయిర్ ప్రెషర్ ముల్లు నిండేదాకా ఆగాలి, ప్యాసింజర్లు ఎంత లొల్లి పెట్టినా ఆగాలి. ఘాట్‌లో ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు మీద దిగితే డ్రమ్ములు వేడెక్కి అవసరమున్నప్పుడు పట్టవు. కొత్త డ్రైవర్లకు నేను ఎక్కడం గురించి ఎక్కువ చెప్పేవాణ్ని కాదు, దిగడం గురించే చెప్పేవాణ్ని. కొండల్లోనూ దెబ్బలు ఎక్కువగా దిగేటప్పుడే తగులుతాయని బిడ్డ చెప్పినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఆ ఉత్తరకాశీలోనే ట్రెక్కింగ్ గైడ్‌గా పనిచేసే పిల్లవాణ్ని చేసుకుంటానంది. మా ఇంటామె రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కులం, భాష కన్నా "అంత దూరం" అన్న మాటే ఆమెను పట్టుకుంది. 2021లో పెళ్లికి పోయాం. రిషికేశ్ నుంచి చంబా, ధరాసు మీదుగా ఉత్తరకాశీ దాకా నేను ముందు సీట్లోనే కూర్చుని ఆ డ్రైవర్ కాళ్లు చూస్తూనే ఉన్నా. దిగుడులో ఒక్కసారి కూడా న్యూట్రల్ వెయ్యలేదు. భాగీరథి ఒడ్డున వియ్యంకుడు ఎదురొస్తే ఆయనతో మొదట మాట్లాడింది ఆ డ్రైవర్ గురించే. ఆయన కూడా ఒకప్పుడు జీపు నడిపినవాడేనట. అక్కడ నాకు సగం టెన్షన్ దిగింది.

2022 అక్టోబర్ గురించి రాయకపోతే ఈ జవాబు పూర్తి కాదు. తొలి కాన్పుకు బిడ్డ మా ఇంటికొచ్చి ఉంది, ఎనిమిదో నెల. 3వ తారీఖు సద్దుల బతుకమ్మ. మరునాడు ఉత్తరకాశీ దిక్కు ద్రౌపది కా దండా అనే శిఖరం మీద మంచు చరియ విరిగిపడింది. నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ అడ్వాన్స్ కోర్సు పిల్లలు, నేర్పేవాళ్లు పాతికమందికి పైగా పోయారు. వాళ్లలో సవితా కన్స్వాల్ కూడా ఉంది. అదే ఏడు మేలో పదహారు రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలు శిఖరాలు రెండూ ఎక్కిన అమ్మాయి. మా బిడ్డ ఆమె గురించి ఎంత గొప్పగా చెప్పేదో. అల్లుడు ఉత్తరకాశీ ఊళ్లోనే ఉన్నా సాయంత్రం దాకా ఫోన్ కలవలేదు. బిడ్డ వాకిట్లో బతుకమ్మకు తెంపగా మిగిలిన తంగేడు, గునుగు పూల పక్కన కూర్చుని ఒక్కో నంబరుకూ కలుపుతూనే ఉంది.

మరునాడు దసరా. జమ్మి ఇచ్చి కాళ్లు మొక్కి నాతో అంది: "నేను ఇడిసిపెట్ట నాయినా. కానీ కొత్త మంచు పడ్డ మరునాడు ఎవర్నీ వాలు మీదికి తీస్కపోను. ఎవరు ఎంత డబ్బిచ్చినా సరే." పాత మంచు గట్టిపడ్డాక దాని మీద కొత్తది సరిగ్గా అతుక్కోదని, బరువెక్కితే పలకలుగా విరిగి జారుతుందని అప్పుడే చెప్పింది. ఆ మాట నిలబెట్టుకుంది. తర్వాత ఒక డిసెంబర్‌లో హైదరాబాద్ గుంపును కేదార్‌కంఠకు తీసుకపోయింది. 3,800 మీటర్ల శిఖరం. రాత్రంతా మంచు కురిసింది, ఒకాయనకు తలనొప్పి, వాంతులు. పొద్దున్నే అందరినీ వెనక్కి తిప్పింది. వాళ్లు కోపగించుకున్నారు, డబ్బు వాపసు అడిగారు. ఆమె ఫోన్‌లో చెప్తుంటే నాకు గర్వంతో గొంతు పట్టుకుంది. శిఖరం ఎక్కినప్పుడు ఫొటోలు పంపితే కూడా అంత సంతోషపడలేదు.

మనుమడు ఆ 2022 నవంబర్‌లోనే పుట్టాడు. తొట్టెలకు వియ్యపురాలు అంత దూరం నుంచి రాగిపిండి మూట, తేనె, ఇంట్లో చిలికిన నెయ్యి తెచ్చింది. బాలింతకు నెయ్యి రొట్టె పెట్టాలని ఆమె, ఎల్లిపాయ కారంతోనే పెట్టాలని మా ఇంటామె. ఇద్దరూ హిందీలో గట్టిగానే వాదించుకున్నారు. చివరికి రెండూ పెట్టారు, బిడ్డ రెండూ తిన్నది. ఒడిబియ్యం పోసేటప్పుడు వియ్యపురాలు పక్కన కూర్చుని ప్రతిదీ అడిగి తెలుసుకుంది. పోయేటప్పుడు మా దిక్కు పల్లీలు అడిగి తీసుకపోయింది. ఇప్పుడు ప్రతి చలికాలం బెల్లం పల్లిపట్టీలు ఇక్కడ కట్టి పంపుతాం, బిడ్డ వాటిని గుంపులకు పంచుతుంది. జేబులో గడ్డకట్టినా కొరకవచ్చట.

బంధుత్వం పెరిగితే భయాలు కూడా పెరుగుతాయి. 2023 నవంబర్‌లో ఉత్తరకాశీ దగ్గర సిల్క్యారా సొరంగంలో 41 మంది ఇరుక్కున్నప్పుడు మేం రోజూ వియ్యంకుడికి ఫోన్ చేశాం. 17వ రోజు అందరూ బయటికొస్తే మా ఇంటామె కొబ్బరికాయ కొట్టింది. 2025 ఫిబ్రవరిలో మా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలితే రోజూ ఫోన్ చేసింది వాళ్లు. లోపల చిక్కుకున్న 8 మందిలో ఒక్కరు కూడా ప్రాణాలతో రాలేదు. నేను వేల మందిని దాటించిన దారి పక్కనే అది. ఆ రోజుల్లో వియ్యంకుడితో మాట్లాడితే కొంత తేలికయ్యేది.

ఇప్పుడు కొడుకు, కోడలు హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నారు. కోడలికి వచ్చే నెల కాన్పు. బిడ్డ బ్యాచ్‌ను దింపేసి శ్రీమంతానికి వస్తుంది, మనుమణ్ని అల్లుడు ముందే తెచ్చి దింపిపోయాడు. వాడు మూడేళ్లకే మేడమెట్లకు వెనక్కి తిరిగి, చేతులు ఆనించి దిగుతాడు. ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు.

నిన్న రాత్రి అన్నాల దగ్గర కోడలు, "మామయ్యా, పిల్లకు ఏడాది నిండినంక వదినతోని నేనూ ఒక చిన్న ట్రెక్ పోతా" అంది. కొడుకు నా మొహం చూశాడు. నేను చెప్పేలోపే మా ఇంటామె "పో బిడ్డా, పిల్లలిద్దర్ని నేను చూస్కుంట" అంది. డెహ్రాడూన్ దాకా తోడు పోయే పని నాకు పడింది. అక్కడి నుంచి పైకి డ్రైవర్ ఎవరో వియ్యంకుణ్ని ఇప్పుడే కనుక్కుని పెట్టమన్నాను.