మిరప ఘాటు కాదు

మా అమ్మ గుంటూరులో ఇరవై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తీసింది. కళ్లు మంట అంటే "ఘాటు తగిలిందిలే" అనేవాళ్లం అందరం. పని మానేసి రెండేళ్లయినా మంట పోలేదు. మజ్జిగ లేకపోతే ముద్ద దిగదు. పోయినేడు తాతయ్య పోయినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది, కంట్లో చుక్క నీరు లేదు. పక్కనే ఉండి చూశాను. అయినా నాకు తట్టలేదు.

పోయిన నెల డాక్టరమ్మ సన్నటి కాగితం ముక్క కింది రెప్పకు తగిలించి 5 నిమిషాలు ఉంచారు. షిర్మర్ పరీక్షట. తడి 5 మిల్లీమీటర్లు కూడా పాకకపోతే కన్ను బాగా ఎండినట్టే. అమ్మకు 3 దగ్గరే ఆగింది. "నోరు ఎండుతుందా? కీళ్లు నొప్పులా?" అని అడిగారావిడ. ఇన్నేళ్లూ చుక్కలు రాసిచ్చినవాళ్లు ఒక్కరూ అడగలేదు.

రక్తపరీక్షల తర్వాత పేరు తెలిసింది, షోగ్రెన్. ఒంటిని కాపాడాల్సిన కణాలే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద పడతాయి. 1933లోనే స్వీడన్ కంటి డాక్టర్ హెన్రిక్ షోగ్రెన్ 19 మంది ఆడవాళ్ల గురించి రాశాడు. వాళ్లలో 13 మందికి కీళ్లవాపు.

రాత్రి చుక్కలు వేస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఊరికే అనలేదు కదరా నేను" అంది.