కుక్కను ఎవరికి అప్పగించి వెళ్ళాలి?

“మీ దేశంలో కుక్కలను అలా వదిలేస్తారని విన్నాను” అని ఆమె అన్నప్పుడు గొంతులో కోపమేమీ లేదు. ఆస్ట్రేలియాలో నేను పనిచేసే పడవల యార్డులో, ఆమె, ఆమె భర్త కొనుక్కున్న తెరచాప పడవ ఇంజనుకు నీళ్ళ పంపులోని ఇంపెల్లర్ మారుస్తున్నాను. కుక్క ఉండగా దూరప్రయాణం పెట్టుకోలేమని ఆమె చెబితే, ఎవరి దగ్గరైనా ఉంచి వెళ్ళవచ్చు కదా అన్నాను. అందుకు వచ్చిన జవాబు అది. పంపు బిగించి ఇంటికి వచ్చాను గానీ, ఆ మాట మాత్రం వారాలు గడిచినా నన్ను వదలలేదు.

ఆ దంపతులు ఉద్యోగ విరమణ చేసి, కూడబెట్టినదంతా ఆ పడవ మీద పెట్టారు. క్వీన్స్‌లాండ్ తీరం వెంట ఉత్తరానికి సాగి, టారెస్ జలసంధి దాటి డార్విన్ చేరి, తుపానుల కాలం ముగిశాక ఆగ్నేయపు గాలిని పట్టుకుని ఇండోనేషియా, మలేషియాల మీదుగా శ్రీలంక దాకా వెళ్ళాలని వాళ్ళ కోరిక. నాది విశాఖపట్నమని తెలిశాక బంగాళాఖాతం పటం తెచ్చి, డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కడుందో నా చేత వేలుపెట్టి చూపించుకున్నారు. మా నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేశారు, నేను మల్కాపురంలో పెరిగాను. మా వాళ్ళకు సముద్రం మీదికి వెళ్ళడమంటే జీతానికో వేటకో వెళ్ళడమే. మన నౌకాదళం వారి తెరచాప పడవ తారిణిలో ఆరుగురు ఆడపిల్లలు 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగుతూ భూమిని చుట్టి 2018 మేలో తిరిగివచ్చారు. వాళ్ళలో మన విశాఖ అమ్మాయి పి. స్వాతి ఉండబట్టే, నేను ఎటువంటి పడవలు బాగుచేస్తానో మా అమ్మకు తెలిసింది.

వాళ్ళ కుక్కకు తొమ్మిదేళ్ళు. అది జారి నీళ్ళలో పడకుండా పడవ అంచు తీగల పొడుగునా వల కట్టారు. ముందు డెక్కు మీద కృత్రిమ గడ్డి ముక్క ఒకటి పరిచి, దాని మూలకు చిల్లుపెట్టి తాడు కట్టారు. కుక్క దాని మీద పని కానిచ్చాక ఆ ముక్కను సముద్రంలోకి జారవిడిచి, అలల్లో కడిగి పైకి లాగుతారు. అది అలవాటయ్యేదాకా పాపం ఆ ప్రాణి రేవు చేరేవరకు బిగబట్టుకుని ఉండేదట. లోపలికి దిగే మెట్లు నిచ్చెనలా నిట్టనిలువుగా ఉంటాయి. ఆమె ఒక చేత్తో దాని లైఫ్ జాకెట్ పట్టీ పట్టుకుని, మరో చేతిని పొట్ట కింద ఆనించి, అడుగడుగునా దానితో ఏదో చెబుతూ దించుతుంది. ఆ ఓపికను చూసి నేను పానా పక్కన పెట్టి నిలబడిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇంత చేసుకున్నా వాళ్ళను ఆపుతున్నది తిరుగుదారి. ఆస్ట్రేలియా రేబిస్ లేని దేశం. ఇండోనేషియాలో ఆ వ్యాధి ఉంది, బాలి ద్వీపానికి కూడా 2008లో పాకింది. అక్కడ అడుగుపెట్టిన కుక్క నేరుగా వెనక్కి రావడానికి వీల్లేదు. మైక్రోచిప్ ఉండాలి, టీకా వేయించాలి, రక్తపరీక్షలో మిల్లీలీటరుకు కనీసం 0.5 యూనిట్ల ప్రతిరక్షకాలు కనబడాలి, ఆ తరువాత కనీసం 180 రోజులు ఆగాలి. ఈ లోగా ఆస్ట్రేలియా ఆమోదించిన మరో దేశానికి చేర్చి, అక్కడి నుంచి విమానంలో మెల్‌బోర్న్ తెచ్చి, మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో కనీసం 10 రోజులు ఉంచాలి, గుర్తింపు తనిఖీ ముందే పూర్తికాకపోతే 30 రోజులు. తెరచాప పడవ వాళ్ళు గాలుల కాలాన్ని బట్టి నడుచుకోవాలి కాబట్టి, ఆరు నెలలు ఒకచోట చిక్కుకుంటే ఆ ఏటి ప్రయాణం చేజారినట్టే. ఎవరికీ మినహాయింపు లేదు. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు పత్రాలు లేకుండా సొంత విమానంలో తెచ్చిన రెండు చిన్న కుక్కలను వెనక్కి పంపకపోతే చంపించవలసి వస్తుందని వ్యవసాయ మంత్రి బార్నబీ జాయ్స్ బహిరంగంగానే హెచ్చరించారు. మరి ఈ ఖండాన్ని తొలిసారి చుట్టివచ్చిన మాథ్యూ ఫ్లిండర్స్ ఓడలో ట్రిమ్ అనే పిల్లి ఉండేది, దానికి సిడ్నీలో విగ్రహం కూడా ఉంది. ఆ రోజుల్లో రేవుల్లో ఈ పత్రాల గొడవ లేదు.

ఫోనులో అమ్మకు ఇదంతా చెబితే, “వాళ్ళకి చుట్టాలెవరూ లేర్రా?” అని అడిగింది. ఉన్నారు. కొడుకు పెర్త్‌లో ఉన్నాడు, అద్దె ఇల్లు, యజమాని కుక్కలను ఒప్పుకోడు. కూతురికి పసిపిల్లలు, ఉద్యోగం. డబ్బు తీసుకుని చూసుకునే కేంద్రాలు ఉన్నాయి గానీ, సెలవుల్లో వారం పది రోజులకు పనికివచ్చే ఆ ఏర్పాటును ఏడాదికి, రెండేళ్ళకు సాగదీయాలంటే ఖర్చుతో పాటు మనసు కూడా ఒప్పుకోవాలి.

ఇప్పుడు మా వీధి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమె మాటకు నా జవాబంతా అక్కడే ఉంది. మల్కాపురంలో మా గుమ్మం ముందు పడుకునే ఎర్రకుక్కను మేము కొనలేదు, కట్టెయ్యలేదు. రాత్రి చేపల పులుసు కలిపిన అన్నం అమ్మ పెడితే తినేది, ఉదయం ఎదురింటి మామ్మగారి ఇడ్లీ కోసం అరుగు దగ్గర కూర్చునేది. మేము పెళ్ళికని శ్రీకాకుళం వెళ్ళి నాలుగు రోజులు ఉండిపోయినా అది పస్తుండేది కాదు. ఫిషింగ్ హార్బరులో బోటు వేటకు పోయి రోజుల తరబడి రాకపోయినా, ఐస్ దించే చోట పడుకునే కుక్కలకు తిండి పెట్టేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. నేను దేశం విడిచి వచ్చిన రోజున ఆ కుక్క గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. దీనిని వదిలేయడమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ఆమె దగ్గర మరో జవాబు ఉంటుందని నాకు తెలుసు. ప్రపంచంలో రేబిస్‌తో పోయే ప్రాణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెడలో పట్టీ, ఒంట్లో టీకా లేకుండా వీధి మొత్తానికీ చెందిన కుక్కలున్న మన దేశం ఆస్ట్రేలియా ఆమోదిత జాబితాలో లేదు. విశాఖ నుంచి పెంపుడు కుక్కతో ఇక్కడికి రావాలనుకునే మన పిల్లలు కూడా ముందు దానిని మరో దేశానికి చేర్చక తప్పదు. కరిచిన కుక్కకు టీకా ఉందో లేదో తెలియక, ఇంజెక్షన్ల కోసం విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు పరుగెత్తే తల్లుల భయం నాకు తెలియనిది కాదు. వీధి కుక్కలన్నిటికీ టీకాలు వేయాలి, అందులో రెండో మాట లేదు. టీకా వేసినంత మాత్రాన ఎదురింటి మామ్మగారి ఇడ్లీ ఆగిపోనక్కరలేదు.

ఆ దంపతులు చివరికి ఈ ఏడాదికి క్వీన్స్‌లాండ్ తీరం వెంబడే తిరుగుదామని నిర్ణయించుకున్నారు. అక్కడా చిక్కే, జాతీయ ఉద్యానవనాలైన దీవుల్లో కుక్కను దించకూడదు. వాళ్ళ పక్కనే కట్టి ఉండే పడవలో ఒంటరి పెద్దాయన ఒకరు ఉంటారు. ఆయన రేవు వదిలి ఎక్కడికీ వెళ్ళరు, ఉదయాన్నే ఆ కుక్కకు బిస్కెట్టు పెట్టనిదే కాఫీ తాగరు. ఆయనకు అప్పగించి వెళ్ళవచ్చు కదా అని మొన్న మళ్ళీ అన్నాను. అంత భారం ఇంకొకరి మీద ఎలా పెడతామని ఆమె నావైపు వింతగా చూసింది. మా అమ్మ అయితే గోడ మీంచి ఒక్క కేక వేసి, చెప్పి, బస్సెక్కేది. ఆయన కాదంటారేమో, ఒప్పుకుంటారేమో, కానీ ఒక్కసారి అడగనైనా అడగకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.