నడుము కొలత బై ఆరు: బడి మానేసిన పాతికేళ్ల పైమాటకి నేను టెన్త్ రాసిన సంగతి

హనుమకొండలో మా ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని ఇరవై ఏళ్లుగా కుడుతున్నాను. బడి ఎనిమిదిలోనే మానేశాను. ప్రభుత్వం పెట్టే టైలరింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష మాత్రం రాసి పాసయ్యాను, దానికి ఏడో తరగతి చదివి ఉంటే చాలు. ఆ తర్వాత టీటీసీ అని వేసవిలో 42 రోజుల ట్రైనింగ్ ఉంటుంది. అది చేస్తే కుట్టు నేర్పే టీచర్ పోస్టులకు అప్లై చేసుకోవచ్చు. కానీ దానికి లోయర్‌తో పాటు టెన్త్ కావాలి, వయసు 45 దాటకూడదు. 2023లో నా వయసెంత అంటే ఏ కాగితం చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆధార్‌లో 1980 జనవరి 1. ఆధార్ తీసేటప్పుడు తేదీ తెలియదంటే వాళ్లే వేసిన జనవరి 1 అది. మా ఇంట్లో సగం మంది ఆ రోజే పుట్టారు.

రోజూ బడికి వెళ్లకుండా రాసే ఓపెన్ టెన్త్ గురించి మొదట అడిగింది బస్టాండ్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో. అతను ఫారం సంగతి ఎత్తకుండానే, "మీరు క్లాసులకు రానక్కర్లేదక్కా, పద్దెనిమిది వేలివ్వండి, మెమో ఇంటికొస్తుంది" అన్నాడు. ఒక రాత్రంతా ఆలోచించాను, అబద్ధం ఎందుకు. సీజన్లో ఆ డబ్బు పెద్ద లెక్క కాదు. కానీ టెన్త్ పాసైన దాన్నని చెప్పి ఎవరైనా ఒక ఉత్తరం చదవమంటే ఏం చేయాలి? మర్నాడు మా దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్‌కి వెళ్లాను. ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్ అక్కడే ఉందట, రోజూ దాని ముందు నుంచే కూరగాయలకు వెళ్తాను.

అక్కడి సార్ చెప్పింది పది నిమిషాల మాట. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి పరిమితి లేదు. ఐదు సబ్జెక్టులు. క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, పోయింది మాత్రం మళ్లీ రాసుకోవచ్చు, ఐదేళ్ల గడువు. ఆడవాళ్లకు ఫీజు కొంచెం తక్కువ. చివరికి లెక్క చూసుకుంటే రిజిస్ట్రేషన్ నుంచి పరీక్ష ఫీజుల దాకా నాకు రెండు వేల లోపే అయింది.

"పుట్టినతేదీకి బడి కాగితం ఏదైనా ఉందామ్మా?" అని అడిగారు సార్. లేదు. అందుకోసం మా పుట్టినూరికి వెళ్లాను. హెడ్మాస్టరు మేడం బీరువా అడుగు నుంచి ఒక అడ్మిషన్ రిజిస్టర్ తీశారు. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిని ఉంది. ముప్పావుగంట వెతికాక దొరికింది. 1981 ఆగస్టు 14, పక్కన మా నాన్న సంతకం. మా నాన్నకు సంతకం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. వేలిముద్ర వేయడమే చూశాను.

ఆ వివరాలతో బడి ఇచ్చే రికార్డ్ షీట్ తెచ్చుకుంటే ఇంకో చిక్కు. అందులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారింటి పేరు. టెన్త్ మెమోలో ఏది పడితే రేపు ప్రతి చోటా అదే అడుగుతారు, ఆలోచించుకుని రాయించమ్మా అన్నారు సార్. బడి రికార్డులో ఉన్నదే రాయించాను. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు, మూడో రోజు తనే ఫోటోలు దిగడానికి తీసుకెళ్లాడు.

సబ్జెక్టుల దగ్గర అందరిదీ ఒకటే సలహా: లెక్కలు వద్దు, బదులు హోం సైన్స్, సైకాలజీ లాంటివి పెట్టుకో. నేనూ వద్దనే అన్నాను. సార్ నా మెడలో వేలాడుతున్న టేపు చూసి, "రోజూ చేసే పనే కదమ్మా" అన్నారు. హడావుడిలో దాన్ని తీయకుండానే వచ్చేశాను. సరే, తెలుగు, ఇంగ్లిష్, సోషల్, హోం సైన్స్‌తో పాటు లెక్కలూ పెట్టాను.

మొదటి ఆదివారం పదకొండు మందిమి. రెగ్యులర్‌లో తప్పిన కుర్రాళ్లు ముగ్గురు, ఒక హోంగార్డు, ఇద్దరు అంగన్‌వాడీ ఆయాలు, తక్కినవాళ్లు నాలాంటివాళ్లు. బతుకమ్మ వచ్చేసరికి నలుగురమే మిగిలాం. నేనూ రెండు వారాలు ఎగ్గొట్టాను. ఆదివారమే కదా ఆడవాళ్లు జాకెట్లు పట్టుకుని వచ్చేది! "ఈ వయసులో చదువేంటి, నా జాకెట్ సంగతి చూడు" అని ఒకావిడ గుడ్డ వెనక్కి తీసుకుపోయింది.

ఒకరోజు సార్ బోర్డు మీద గుండ్రం గీసి, చుట్టుకొలత 2πr అని రాశారు. అర్థం కాలేదు. r అంటే మధ్య నుంచి అంచు దాకా ఉన్న దూరం, పై అంటే 3.14 అన్నారు. రెండు పెట్టి గుణిస్తే 6.28. అక్కడ ఆగిపోయాను. అంబ్రెల్లా కటింగ్‌కి, అంటే గొడుగులా గుండ్రంగా విచ్చుకునే లంగాకి, మేము చేసేది అదే. నడుము కొలతను ఆరుతో భాగిస్తాం, వచ్చిన ఇంచులు గుడ్డ మడత మూల నుంచి (విప్పితే గుండ్రానికి మధ్య అదే) టేపు తిప్పుతూ సుద్దతో గుర్తు పెడతాం. నడుము ముప్పై అయితే అయిదు ఇంచులు. నాకు పని నేర్పిన అక్క ఆరు అంది, నేను ఆరు అన్నాను, నా దగ్గర నేర్చుకున్న పిల్లలూ ఆరే అంటారు. ఆ ఆరు ఎక్కడిదని ఎవరం అడగలేదు. ఎప్పుడు కుట్టినా నడుము దగ్గర ఇంచుంపావో, ఇంచున్నరో ఎక్కువొచ్చేది. క్రాస్‌గా, అంటే ఏటవాలుగా పడిన గుడ్డ సాగుతుందిలే అని చిన్న కుచ్చు పెట్టి సర్దేసేదాన్ని. అయిదుని 6.28తో గుణిస్తే 31.4. ఎక్కువొచ్చింది ఇంచున్నరకి కొంచెం తక్కువ. గుడ్డ సాగడం కొంత నిజమే, కానీ ఇన్నేళ్లూ తప్పంతా దాని మీదే తోశాను.

అసలు కష్టం మాత్రం లెక్కల్లో కాదు, చేతిలో. కొలతల పుస్తకంలో పేరు, నాలుగు అంకెలు తప్ప నేను రాసిందే లేదు. మూడు గంటల పరీక్షకు అరగంటకే బొటనవేలు పట్టేసేది. కత్తెర ఎంతసేపైనా పట్టుకుంటా, పెన్ను పట్టుకోలేను! అందుకే మూడు నెలలు రోజూ రాత్రి మిషన్ మూసేశాక పేపర్లో ఒక వార్త చూసి రాశాను. ఎవరైనా మొదలుపెడితే పుస్తకం కన్నా ముందు ఈ పని చేయండి.

2024 ఎండాకాలం పరీక్షల్లో నాలుగు పాస్, లెక్కల్లో 61. ఇంగ్లిష్‌లో 29, పాస్ మార్కు 35. ఏడ్చాను. ఇంటర్ చదివే మా అమ్మాయి, "మమ్మీ, నీకు టెన్షన్ ఎక్కువైంది, అంతే" అని లెటర్ రైటింగ్ రెండు రకాలు బట్టీ పట్టించింది. రెండో విడతలో మళ్లీ రాస్తే 41 వచ్చాయి.

మెమో చేతికొచ్చాక దాన్ని పెట్టి ముందు ఆధార్ సరిచేయించుకున్నాను. పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి సెంటర్లో అమ్మాయి టైప్ చేసిన తేదీని మూడుసార్లు చదివి చూశాకే సరే అన్నాను.

2025లో టీటీసీ ఫారం నింపింది మా అమ్మాయే. మే నెల నాటికి వయసు లెక్కేసి 43 అంది. పాత తేదీ అయితే 45 దాటిపోయేది. ఆ బడి రిజిస్టర్ ఇంకో రెండేళ్లు చెదలకు దొరికి ఉంటే నా పని ఏమయ్యేదో!