బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మామూలు మనిషి కొనుక్కోవచ్చా?

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో చిన్న స్టోర్ నడుపుతాడు. టెక్సస్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రి కౌంటర్ మూసే వేళకి ఇద్దరు లోపలికొచ్చి, తుపాకీ చూపించి, ఉన్న డబ్బంతా తీయించుకుని పోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వదినకి వారం రోజులు నిద్ర లేదు, ఫోన్ మోగితే చాలు ఒళ్ళు వణికేది. ఇంట్లో ఫారాలూ రూల్సూ చదివిపెట్టే పని ఎప్పుడూ నాదే కాబట్టి అన్నయ్య నాకే ఫోన్ చేసి, "ఒరేయ్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మనలాంటోళ్ళు కొనుక్కోవచ్చా, కేసేమన్నా అవుతుందా?" అని అడిగాడు.

అప్పటికి నేనూ అది పోలీసులకీ మిలిటరీకీ మాత్రమే అమ్ముతారనుకున్నాను. కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నేర చరిత్ర లేని పెద్దవాళ్ళు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు, చొక్కా లోపల వేసుకుని పనికి వెళ్ళొచ్చు. దానికి తుపాకీకి అడిగినట్టు ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాడి నేర చరిత్ర తనిఖీ, కూడా లేదు. దేశమంతటికీ వర్తించే నిషేధం ఒకటే: హింసాత్మక నేరంలో ఫెలనీ (పెద్ద నేరం) కింద శిక్ష పడినవాళ్ళు ఇలాంటి జాకెట్ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఉంచుకుంటే మూడేళ్ళ దాకా జైలు. 2002లో వచ్చిన ఆ చట్టానికి ఇద్దరు పోలీసు అధికారుల పేర్లు పెట్టారు. వాళ్ళలో ఒకరిని 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో, ఇలాంటి కవచం తొడుక్కుని కాల్పులకు దిగిన మనిషి చంపేశాడు. అంతమంది పోలీసుల ఎదురుకాల్పులకూ వాడు వెంటనే పడిపోలేదు. అది చదివాక ఆ చట్టం ఎందుకు వచ్చిందో నన్నెవరూ ఒప్పించనక్కర్లేకపోయింది.

అందులోనూ ఒక వెసులుబాటు ఉంది. శిక్ష అనుభవించి బయటికొచ్చి, ప్రమాదం ఉన్న ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి ఆ పనికి జాకెట్ తప్పనిసరి అని యజమాని ముందుగా రాసిచ్చి ఉంటే, ఆ పని చేస్తున్నంతవరకూ కోర్టులో దాన్ని చూపించి తప్పు లేదని వాదించుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే అలాంటివాళ్ళు స్థానిక పోలీసు చీఫ్‌కో షెరిఫ్‌కో అర్జీ పెట్టుకుని మినహాయింపు అడగొచ్చు. తప్పు చేసినవాడి ప్రాణానికి కూడా చట్టం ఒక దారి ఉంచింది, అది నాకు నచ్చింది.

ఇక రాష్ట్రానికో తీరు. లూసియానాలో దాన్ని వేసుకుని స్కూలు ఆవరణలోకి వెళ్ళకూడదు. నేరం చేసేటప్పుడు ఒంటిమీద అది ఉంటే శిక్ష పెంచే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. కనెక్టికట్‌లో చాలాకాలం అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉండి కొనాలనే రూల్ ఉండేది, 2023లో దాన్ని ఇంకా బిగించి పర్మిట్ దాకా తెచ్చారు.

అన్నయ్య టెక్సస్‌లో కొన్నాడు కాబట్టి చట్టంతో ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వస్తువుతో వచ్చింది. మొదట ఆన్‌లైన్లో ఎవరో వాడేసినది చవగ్గా దొరికిందని తెప్పించుకున్నాడు. వీడియో కాల్‌లో చూపించమంటే చూపించాడు. పై తొడుగు శుభ్రంగా ఉతికి ఉంది కానీ లోపలి ప్యానెల్, అంటే అసలు తూటాను ఆపే పొర, బయటికి తీస్తే దాని లేబుల్ మీద అక్షరాలు సగం చెరిగిపోయి, తయారైన సంవత్సరం కనబడటం లేదు, ఒక మూల మడత పడి గట్టిబడింది. ఆ లేబులే దానికి ప్రాణం. ఏ స్థాయి, ఏ లాట్ (బ్యాచ్), ఎప్పుడు తయారైంది, ఏ వైపు ఒంటికి ఆనాలి, అన్నీ దాని మీదే ఉంటాయి. తొడుగు ఉతకొచ్చు, ప్యానెల్‌ని మాత్రం నీళ్ళలో నానబెట్టకూడదు, బ్లీచ్ తగలనివ్వకూడదు. ఎండ, చెమట, తేమ ఏళ్ళ తరబడి పీచుని తినేస్తాయి. అందుకే మామూలుగా కంపెనీలు ఐదేళ్ళ వారంటీ ఇస్తాయి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. జైలాన్ అనే పీచుతో నేసిన జాకెట్ ఒకటి 2003లో పెన్సిల్వేనియాలో ఒక పోలీసు అధికారి ఒంటిమీద ఉండగానే, ఆపాల్సిన తూటాని ఆపలేకపోయింది. చివరికి 2005లో ప్రమాణాలు చూసే సంస్థ, ఎన్‌ఐజే, జైలాన్ జాకెట్లకు ఇచ్చిన గుర్తింపునే తీసేసింది.

ఆ పాతది పక్కన పడేయించి కొత్తది కొనిపించాను. త్రీ-ఏ రకం. నైన్ ఎంఎం, ఫార్టీఫోర్ మాగ్నమ్ లాంటి పిస్టల్ తూటాలను ఆపుతుంది, రైఫిల్ తూటాను ఆపదు. రైఫిల్‌కి గట్టి ప్లేట్లు కావాలి, వాటిని రోజుకి పన్నెండు గంటలు కౌంటర్ దగ్గర మోయడం అయ్యే పని కాదు. ఆపినా సరే దెబ్బ తగులుతుంది. పరీక్షలో జాకెట్ వెనక బంకమట్టి పెట్టి కాలుస్తారు, మట్టిలో 44 మిల్లీమీటర్ల లోతు వరకూ గుంట పడినా పాసైనట్టే. ఆ గుంట మన పక్కటెముకల మీద పడుతుందని అనుకుని చూడండి. అయినా ప్రాణం నిలబడుతుంది కదా, వదినకి అది చాలు.

కిందటేడు వాళ్ళు న్యూయార్క్ రాష్ట్రానికి మారారు. నాకు మళ్ళీ టెన్షన్ మొదలైంది.

2022 మే 14న ఆ రాష్ట్రంలోనే ఉన్న బఫెలోలో ఒక సూపర్‌మార్కెట్‌లో పదిమందిని కాల్చి చంపినవాడు కవచం వేసుకుని వచ్చాడు. అక్కడ సెక్యూరిటీగా ఉన్న రిటైర్డ్ పోలీసు అధికారి వాడిని గురిచూసి కాల్చారు, తూటా తగిలింది కూడా, కానీ ప్లేటు ఆపేసింది. ఆయన్నీ చంపేశాడు. ఆ తర్వాత నెలలోనే న్యూయార్క్ చట్టం తెచ్చింది, జూలై 6 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట రాసిన నిర్వచనంలో మెత్తటి జాకెట్లే ఉన్నాయి, ఆ హంతకుడు వేసుకున్న లాంటి స్టీల్ ప్లేట్లు అందులోకి రాలేదు. జూలైలో సవరించి ప్లేట్లను కూడా కలిపారు. ఇప్పుడు అక్కడ పోలీసులు, మిలిటరీ, ఇంకా రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఒప్పుకున్న కొన్ని వృత్తులవాళ్ళు తప్ప మిగతావాళ్ళు కొనకూడదు. మొదటిసారి దొరికితే మిస్‌డిమీనర్ (చిన్న నేరం), రెండోసారికి ఫెలనీ.

చట్టంలో వాడిన మాట "కొనడం లేదా చేతికి పుచ్చుకోవడం". అంటే నేను కొని బహుమతిగా పంపించినా తప్పే అవుతుంది. ముందే వేరే రాష్ట్రంలో కొని ఉన్నదాన్ని ఇంట్లో ఉంచుకోవడం ఆ మాటల్లోకి రాదని నాకు అర్థమైంది. అయినా లాయర్‌ని ఒకసారి కలిసి అడగమన్నాను, ఇలాంటి చోట తమ్ముడి మాట సరిపోదు.

బఫెలోలో చనిపోయినవాళ్ళ ఇళ్ళ సంగతి తలుచుకుంటే ఆ చట్టం రాసినవాళ్ళ మీద నాకు కోపం రాదు. కానీ వాళ్ళు గీసిన గీత తప్పు చోట పడిందనే నేను గట్టిగా నమ్ముతున్నాను. ఫెడరల్ చట్టం మనిషి చరిత్ర చూస్తుంది, న్యూయార్క్ చట్టం మనిషి ఉద్యోగం పేరు చూస్తుంది. అర్ధరాత్రి ఒంటరిగా కౌంటర్ దగ్గర నిలబడేవాడికీ ట్యాక్సీ నడిపేవాడికీ తూటా వచ్చే అవకాశం ఉద్యోగం పేరు చూసి తగ్గదు. జాకెట్ ఎవరినీ చంపదు. హత్య చేయడానికి తొడుక్కున్నవాడికి శిక్ష ఎంత పెంచినా సరే, కొనేవాడి నేర చరిత్ర చూసి అమ్మమన్నా సరే, కనెక్టికట్‌లా పర్మిట్ పెట్టినా సరే, నేను ఒప్పుకుంటాను. భయపడి తన ఛాతీ కప్పుకునేవాడిని మాత్రం హంతకులతో కలపకండి.

మొన్న వీడియో కాల్‌లో వదిన ఆ ప్యానెల్ తీసి లేబుల్ కెమెరాకి దగ్గరగా పెట్టింది. అక్షరాలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి, తయారైంది 2022 మార్చి. 2027 మార్చితో వారంటీ అయిపోతుంది. "అప్పుడు ఇంకోటి కొనుక్కోనిస్తారా?" అని అడిగింది. ఇప్పుడున్న చట్ట ప్రకారం ఆ రాష్ట్రంలో కొననివ్వరు వదినా అని చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా ప్యానెల్‌ని మళ్ళీ తొడుగులోకి నెమ్మదిగా తోసి, మడత పడకుండా సరిచేసి, హ్యాంగర్‌కి తగిలించింది.