రౌటర్ బిట్ల సొరుగు: పని ఎంతవరకు వచ్చిందంటే

బెంచీ కింద సొరుగుల పని సగానికి పైగా అయింది. రౌటర్ (చెక్కలో గాడులు, అంచులు చెక్కే మెషీన్) బిట్ల, అంటే దానికి బిగించే కోత పనిముట్ల సొరుగు వాడకంలోకి వచ్చేసింది. రంపం బ్లేడ్ల అర బిగించాను. ఉలుల సంగతి ఇంకా తేలాలి.

గోడకు తగిలించే స్టాండు చూడ్డానికి బాగుంటుంది, ఏ బిట్ ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. కానీ చిన్న గదిలో సాండింగ్ (గరుకు కాగితంతో చెక్కను నునుపు చేయడం) చేస్తే లేచే పొడి అంతా వచ్చి దాని మీదే కూర్చుంటుంది. చెక్క పొడి గాల్లోని తేమను పీల్చుకుంటుంది, అది పేరుకున్న చోటే తుప్పు మొదలవుతుంది. అందుకే సొరుగే మేలనిపించింది.

అయితే రౌటర్ బిట్లకు తుప్పు కన్నా దెబ్బే ఎక్కువ ప్రమాదం. అంచున ఉండే కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు. డబ్బాలో రెండు బిట్లు కొట్టుకుంటే అంచు కంటికి ఆననంత చిన్నగా చితుకుతుంది. తర్వాత ఆ బిట్‌తో ఏ చెక్క తోలినా పొడుగునా సన్నటి గీత పడుతుంది. కాబట్టి ప్రతి బిట్ నిలబడాలి, ఏదీ దేనికీ తగలకూడదు.

18 మి.మీ. ప్లైవుడ్‌లో బెజ్జాలు వేశాను. పావు అంగుళం షాంక్ (మెషీన్‌లో దూరే బిట్ కాడ) అంటే 6.35 మి.మీ. దానికి 6.5 బెజ్జం ఎండాకాలంలో సరిపోతుంది, వానలకు చెక్క ఉబ్బితే పట్టేస్తుంది. అందుకని 7 వేశాను, అర అంగుళం వాటికి 13.5. బిట్ కాస్త వాలినా పర్లేదు, రెండు వేళ్లతో పైకి రావాలి. బిగిసిపోయిన బిట్‌ను గట్టిగా లాగితే తెగేది వేలే. బెజ్జాల మధ్య ఎడం షాంక్‌ను బట్టి కాదు, తలను బట్టి చూసుకోవాలి. పక్కపక్క బిట్ల తలల వ్యాసాలు కూడి, సగం చేసి, వేలు దూరడానికి ఇంకో 15 మి.మీ. కలిపాను. బెజ్జాలు ఆరపారగా ఉన్నాయి, పలకను సొరుగు అడుగుకు 6 మి.మీ. ఎత్తులో బిగించాను, పొడి కిందికి రాలిపోతుంది. స్పాంజి షీటులో గుచ్చడం మాత్రం వద్దనుకున్నాను, అది తేమను వదలదు.

లోపల పెట్టే ముందు బిట్లకు పట్టిన బంక వదిలించాలి. గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా కలిపి కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. బేరింగ్ ఉంటే ముందే విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే లోపలి గ్రీజు కడుక్కుపోతుంది. వెంటనే తుడిచి, బాగా ఆరాక పల్చగా నూనె రాస్తున్నాను. బిట్‌ను మెషీన్‌కు పెట్టేటప్పుడు షాంక్ మీద నూనె పూర్తిగా తుడవాల్సిందే. నూనె ఉంటే కొల్లెట్ (షాంక్‌ను బిగించి పట్టే భాగం) పట్టు జారుతుంది, తిరుగుతున్న బిట్ బయటికి జరుగుతుంది. ఇందులో బద్ధకం అస్సలు పనికిరాదు.

బ్లేడ్లది తేలిక పనే. పలుచటి హార్డ్‌బోర్డు పలకలు అడ్డంపెట్టి నిలువుగా దోపాను, పళ్లు ఒకదానికొకటి తగలవు.

సొరుగు అంచుకు రబ్బరు పట్టీ అతికించి, మూలన సిలికా జెల్ సంచి పెట్టాను. నేను వాడేది నారింజ రంగు గింజలది, తేమ పట్టాక ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు గింజలు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. పట్టీ లేకుండా జెల్ పెట్టి లాభం లేదు, గదిలోని తేమంతా లోపలికి వస్తూనే ఉంటుంది.

ఇక ఉలులు. అయస్కాంతం పట్టీకి అంటించి తీస్తుంటే అంచులు తగులుతాయి, పైగా ఉలికి అయస్కాంత గుణం వచ్చి ఇనుప రజను అంటుకుంటుంది. గాడులు కోసిన పలకలో దోపి, కింద అంచులకు అడ్డుగా ఇంకో పలక పెడదామని కొలతలు తీశాను. ముందు వెడల్పాటి ఉలికి గాడి కోసి, సరిగ్గా దిగితే మిగతావి కోస్తాను.